లినక్స్‌లో యూఎస్‌బీ ఆడియో మొరాయిస్తే: డ్రైవర్ బగ్గును లాగ్ నుంచి ప్యాచ్ దాకా తీసుకెళ్లడం

హెడ్‌సెట్ గుచ్చారు. పేరు కనిపించింది. పాట పెడితే కొన్ని సెకన్లు గుడ్లప్పగించి చూసి, ఆ తర్వాత తీరిగ్గా మోగింది. లేదా వెంటనే మోగింది గానీ ఇరవై సెకన్లకోసారి 'టిక్' మంటోంది. లేదా మైకు వాల్యూమ్ ఎంత జరిపినా కదలదు, కదిలితే మాత్రం ఒక్కసారిగా ఎగురుతుంది. అదే హెడ్‌సెట్ వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌లో శుభ్రంగా పనిచేస్తుంది. అప్పుడు నోటికొచ్చే మొదటి మాట "లినక్స్ డ్రైవర్ బాగోలేదు" అని. కావచ్చు. కానీ యూఎస్‌బీ ఆడియోలో నేను చూసిన బగ్గుల్లో చాలావాటికి మూలం పరికరం చెప్పే అబద్ధం. డ్రైవర్ చేసిన తప్పల్లా ఆ మాట నమ్మడమే.

అందుకే ఈ పనిలో కోడ్ రాయడం ఆఖరి అంకం, అన్నిటికన్నా చిన్నది కూడా. ఒక్క లైను ప్యాచ్ కోసం వారం రోజులు లాగ్‌లు చదవాల్సి రావడం ఇక్కడ మామూలే. సి భాష చదివితే అర్థమవ్వాలి, గిట్ వాడటం తెలియాలి, టెర్మినల్ అంటే భయం ఉండకూడదు. అంతకుమించి ముందస్తు అర్హతలేమీ అక్కర్లేదు. కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

1. ముందు ఏ పొరలో తప్పుందో తేల్చుకోండి

అప్లికేషన్ నుంచి స్పీకర్ దాకా శబ్దం చాలా చేతులు మారుతుంది. పైన పైప్‌వైర్ లేదా పల్స్‌ఆడియో లాంటి సౌండ్ సర్వర్. దాని కింద ఆల్సా (లినక్స్ సొంత సౌండ్ వ్యవస్థ) లైబ్రరీ. తర్వాత కెర్నెల్‌లోని ఆల్సా కోర్, దాని కింద ఎస్ఎన్‌డీ-యూఎస్‌బీ-ఆడియో డ్రైవర్ (మన కథానాయకుడు, లేదా ప్రతినాయకుడు), ఆ కింద యూఎస్‌బీ కోర్, ఎక్స్‌హెచ్‌సీఐ హోస్ట్ కంట్రోలర్ (కంప్యూటర్‌లో యూఎస్‌బీ పోర్టుల్ని నడిపే చిప్పు), హబ్బు, కేబుల్, చివరికి పరికరంలోని ఫర్మ్‌వేర్. ఇందులో ఎక్కడ తేడా వచ్చినా మనకు వినపడేది ఒకటే 'టిక్'.

మొదట సౌండ్ సర్వర్‌ని పక్కకు జరపండి. పైప్‌వైర్ సర్వీసును ఆపితే చాలదు, దాని సాకెట్ యూనిట్‌ని కూడా ఆపాలి. లేకపోతే ఏదో ఒక అప్లికేషన్ తట్టగానే మళ్లీ లేచి కూర్చుంటుంది. పల్స్‌ఆడియో తరఫున నడిచే యూనిట్లకూ, పైప్‌వైర్‌కి తోడుగా నడిచే వైర్‌ప్లంబర్‌కీ ఇదే వరస. ఆ తర్వాత ఏప్లే కమాండ్‌తో నేరుగా హార్డ్‌వేర్ పరికరానికి శబ్దం పంపండి. ఇక్కడ 'హెచ్‌డబ్ల్యూ' అని ఇవ్వాలి, 'ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ' అని కాదు. రెండోది శాంపుల్ రేటునీ ఫార్మాట్‌నీ మధ్యలో మార్చేస్తుంది, దాంతో తప్పు ఎవరిదో తెలియకుండా పోతుంది.

సర్వర్ లేనప్పుడు సమస్య మాయమైతే మీరు కెర్నెల్‌లో వెతకాల్సిన పని లేదు. ఏప్లే 'అండర్‌రన్' అని అరుస్తూ ఉంటే డేటా సమయానికి అందడం లేదన్నమాట, అంటే షెడ్యూలింగ్ వైపు చూడాలి. అండర్‌రన్ ఒక్కటీ లేదు, అయినా టిక్ వినపడుతోంది అంటే అప్పుడు యూఎస్‌బీ వైపు, పరికరం గడియారం వైపు అనుమానం తిప్పండి.

తర్వాత కేబుల్ మార్చండి, హబ్బు తీసేయండి, వేరే పోర్టులో గుచ్చండి. ఇది పిల్లల సలహాలా ఉంటుందని తెలుసు. నేను ఒకసారి రెండు రోజులు కూర్చుని కెర్నెల్ తర్వాత కెర్నెల్ కట్టుకుంటూ పోయాను. ఫలితాలు ఒకసారి ఇలా, ఒకసారి అలా. చివరికి మధ్యలో ఉన్న హబ్బు కరెంటు సరిగా ఇవ్వడం లేదని తేలింది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టిన ఆ రెండు రోజులు తిరిగి రావు.

ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌కి 'టీ' ఆప్షన్ ఇస్తే చెట్టు ఆకారంలో పరికరాలు, వాటి వేగాలు కనిపిస్తాయి. 12 అంటే ఫుల్ స్పీడ్, 480 అంటే హై స్పీడ్, 5000 అంటే సూపర్ స్పీడ్, అన్నీ సెకనుకు మెగాబిట్లలో. మామూలు హెడ్‌సెట్లు ఎక్కువగా 12 దగ్గరే ఉంటాయి, అది తప్పు కాదు. 480 చూపించాల్సిన ఆడియో ఇంటర్‌ఫేస్ 12 చూపిస్తే మాత్రం డ్రైవర్ జోలికి వెళ్లకముందే కేబుల్‌ని ప్రశ్నించండి.

2. లాగ్‌లో ఉన్న అంకెల్ని మనుషుల భాషలోకి మార్చుకోండి

కెర్నెల్ లాగ్ చూపించే డీమెసేజ్‌ని 'డబ్ల్యూ' ఆప్షన్‌తో తెరిచి ఉంచి, పరికరాన్ని పీకి మళ్లీ గుచ్చండి. వచ్చే ఎర్రర్ల చివర మైనస్ అంకెలుంటాయి. అవే మీకు సగం కథ చెబుతాయి.

మైనస్ 110 అంటే టైమౌట్: అడిగాం, పరికరం పలకలేదు. మైనస్ 32 అంటే పైప్ ఎర్రర్: పరికరం ఆ ప్రశ్నకు 'నాకు రాదు' అని ముఖం మీదే చెప్పింది, యూఎస్‌బీ భాషలో స్టాల్. మైనస్ 71 ప్రోటోకాల్ ఎర్రర్, ఎక్కువసార్లు కేబుల్, కరెంటు లేదా ఫర్మ్‌వేర్ కుప్పకూలడం. మైనస్ 19 అంటే పరికరమే వెళ్లిపోయింది. మైనస్ 28 కొత్తవాళ్లని బాగా తికమక పెడుతుంది. దాని పేరు 'డివైస్‌లో చోటు లేదు' అని, చూడగానే డిస్కు నిండిందేమో అనుకుంటారు. యూఎస్‌బీలో దాని అర్థం బ్యాండ్‌విడ్త్ లేదని. ఐసోక్రోనస్ బదిలీలకు (ఆడియోలా ఠంచనుగా సాగాల్సిన వాటికి) ముందే సీటు రిజర్వ్ చేయాలి. ఫుల్ స్పీడ్‌లో ఒక ఫ్రేములో (మిల్లీసెకను) 90 శాతం, హై స్పీడ్‌లో మైక్రోఫ్రేములో (125 మైక్రోసెకన్లు) 80 శాతం మించి ఇలాంటి బదిలీలకు ఇవ్వరు. అదే బస్సు మీద వెబ్‌క్యామ్ కూడా ఎక్కితే సీట్లు అయిపోతాయి.

మైనస్ 110కీ మైనస్ 32కీ తేడా గట్టిగా పట్టుకోండి. స్టాల్ వెంటనే వస్తుంది, ఆలస్యం ఉండదు. టైమౌట్ అయితే గడువు ముగిసేదాకా డ్రైవర్ అలాగే నిలబడి ఉంటుంది. మొదట్లో చెప్పిన 'గుడ్లప్పగించి చూసే' హెడ్‌సెట్ దాదాపు ఎప్పుడూ ఈ రెండో రకమే.

ఇంకా వివరం కావాలంటే డైనమిక్ డీబగ్ వాడండి. డీబగ్‌ఎఫ్ఎస్‌లోని (కెర్నెల్ లోపలి వివరాలు ఫైళ్లుగా కనిపించే చోటు) డైనమిక్ డీబగ్ కంట్రోల్ ఫైల్లోకి 'మాడ్యూల్' అనే మాట, ఆ మాడ్యూల్ పేరు, దాని పక్కన 'ప్లస్ పీ' అని రాస్తే, డ్రైవర్‌లో నిద్రపోతున్న డీబగ్ సందేశాలన్నీ మేలుకుంటాయి. కెర్నెల్ మళ్లీ కట్టక్కర్లేదు.

3. పరికరం తన గురించి ఏం చెప్పుకుంటోందో చదవండి

నాకు బాగా ఇష్టమైన ఫైలు ఒకటుంది: /ప్రాక్/ఎసౌండ్/ కింద మీ కార్డు ఫోల్డర్‌లో ఉండే స్ట్రీమ్0. పరికరం ఏ ఫార్మాట్లు, ఏ రేట్లు ఇస్తానంటోందో, ఏ ఎండ్‌పాయింట్ (పరికరంలో డేటా వచ్చిపోయే ద్వారం) ఏ రకమో అన్నీ అక్కడ ఉంటాయి. పాట మోగుతుండగా చూస్తే 'మొమెంటరీ ఫ్రీక్వెన్సీ' అని ఒక లైను కూడా వస్తుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే యూఎస్‌బీ ఆడియో గడియారాల గొడవ కొంచెం తెలియాలి.

ఐసోక్రోనస్ బదిలీలో పోయిన ప్యాకెట్ పోయినట్టే, మళ్లీ పంపడం ఉండదు. ఫుల్ స్పీడ్‌లో ప్రతి మిల్లీసెకనుకు ఒక ప్యాకెట్, హై స్పీడ్‌లో 125 మైక్రోసెకన్లకు ఒకటి దాకా. 48000 హెర్ట్జ్ అయితే లెక్క సులువు: మిల్లీసెకనుకు 48 శాంపుల్స్. 44100 దగ్గర చిక్కు మొదలవుతుంది, మిల్లీసెకనుకు 44.1 శాంపుల్స్ కావాలి, పదో వంతు శాంపుల్‌ని ఎవరూ పంపలేరు. కాబట్టి తొమ్మిది ప్యాకెట్లలో 44 చొప్పున, పదో ప్యాకెట్‌లో 45 వెళ్తాయి. ఈ 45ని మోయలేని ఫర్మ్‌వేర్లు కూడా ఉంటాయి, అప్పుడు 48000లో అమృతంలా మోగేది 44100లో గరగరమంటుంది.

ఇక్కడితో అయిపోలేదు. పరికరంలోని గడియారం, కంప్యూటర్‌లోని గడియారం ఎప్పుడూ సరిగ్గా కలవవు. రెండింటి మధ్య పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకోండి. 48000 మీద అది సెకనుకు 2.4 శాంపుల్స్. పరికరం బఫర్‌లో 48 శాంపుల్స్ మిగులు ఉంటే సరిగ్గా 20 సెకన్లకు అది నిండుతుంది లేదా ఖాళీ అవుతుంది. మీకు 'టిక్' వినపడుతుంది. మళ్లీ 20 సెకన్లకు ఇంకోటి. అందుకే నేను మొదట వాచీ చూస్తాను. టిక్కులు గడియారం కొట్టినట్టు క్రమంగా వస్తుంటే అది గడియారాల తేడాయే. ఇష్టమొచ్చినప్పుడు వస్తుంటే లేటెన్సీయో, బ్యాండ్‌విడ్తో, విద్యుత్ పొదుపో.

ఈ తేడా సరిదిద్దడానికే అసింక్రోనస్ పరికరాలు (సొంత గడియారం మీద నడిచేవి) ఫీడ్‌బ్యాక్ ఎండ్‌పాయింట్ పెట్టుకుంటాయి. 'నాకు ఇప్పుడు ఇంత చొప్పున పంపు' అని అది ఎప్పటికప్పుడు హోస్ట్‌కి, అంటే కంప్యూటర్‌కి చెబుతుంది. ఫుల్ స్పీడ్‌లో ఆ అంకె 10.14 రూపంలో (పూర్ణాంకానికి 10 బిట్లు, భిన్నానికి 14), హై స్పీడ్‌లో 16.16 రూపంలో ఉండాలని నియమం. మొమెంటరీ ఫ్రీక్వెన్సీ లైనులో హెక్స్‌లో కనిపించేది ఇదే. హై స్పీడ్‌లో 48000కి 6.0000 దగ్గర, 44100కి 5.8333 (దశాంశంలో 5.5125) దగ్గర ఊగుతూ ఉండాలి. అసలు కదలకుండా రాయిలా నిలబడిందంటే ఫీడ్‌బ్యాక్ రావడం లేదేమో చూడండి. సగానికో రెట్టింపుకో పడిందంటే పరికరం ఫార్మాట్ తప్పుగా పంపుతోంది.

కొన్ని పరికరాలకు విడిగా ఫీడ్‌బ్యాక్ ఎండ్‌పాయింట్ ఉండదు. వాటి నుంచి వచ్చే రికార్డింగ్ ప్యాకెట్ల సైజు చూసి, ప్లేబ్యాక్‌ని అదే చొప్పున పంపాలి. దీన్ని ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ అంటారు. డిస్క్రిప్టర్‌లో (పరికరం తన గురించి చెప్పుకునే పట్టిక) చెప్పకుండా దీన్ని ఆశించే పరికరాలున్నాయి. చెప్పి కూడా సరిగా చేయనివీ ఉన్నాయి. డ్రైవర్‌లో రెండు వైపులా ఫ్లాగులు ఉండటానికి కారణం అదే, ఒకటి బలవంతంగా పెట్టడానికి, ఇంకోటి బలవంతంగా తీసేయడానికి.

4. పాత కెర్నెల్‌లో పనిచేసిందా?

ఈ ప్రశ్నకు 'అవును' అంటే మీ అదృష్టం పండినట్టే. గిట్ బైసెక్ట్ మొదలుపెట్టండి. ఒక కెర్నెల్ విడుదలకీ ఇంకోదానికీ మధ్య పది వేలకు పైగా కమిట్లు ఉంటాయి గానీ, సగానికి సగం నరుక్కుంటూ పోతే 14 అడుగుల్లో దోషి దొరుకుతాడు. అనుమానం సౌండ్ ఫోల్డర్ మీదే ఉంటే ఆ దారిని మాత్రమే ఇచ్చి అడుగులు ఇంకా తగ్గించుకోవచ్చు. కానీ తప్పు ఎక్స్‌హెచ్‌సీఐలో ఉంటే ఆ దగ్గరదారి మిమ్మల్ని తప్పు కమిట్ దగ్గర దింపేస్తుంది.

ప్రతిసారీ పూర్తి కెర్నెల్ కడితే తెల్లారుతుంది. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడితే ఇప్పుడు లోడై ఉన్న మాడ్యూళ్లు మాత్రమే కట్టుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఆ కమాండ్ ఇచ్చే సమయానికి హెడ్‌సెట్ గుచ్చే ఉండాలి. లేకపోతే గంటసేపు కట్టిన కెర్నెల్‌లో యూఎస్‌బీ ఆడియో డ్రైవరే ఉండదు. ఇది అందరూ ఒకసారి చేసే తప్పు, నేను రెండుసార్లు చేశాను.

ప్రతి అడుగులోనూ 'మంచిది', 'చెడ్డది' అని చెప్పే ముందు పరీక్ష ఒకే తీరులో చేయండి. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే బగ్గయితే కనీసం పది ప్రయత్నాలు చేశాకే 'మంచిది' అనండి. ఒక్క తప్పుడు 'మంచిది' మొత్తం బైసెక్ట్‌ని గంగలో కలుపుతుంది.

5. తీగ మీద ఏం నడుస్తోందో వినండి

పరికరం ఎప్పుడూ పనిచేయలేదంటే యూఎస్‌బీమాన్ మాడ్యూల్ లోడ్ చేయండి. డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఒక్కో బస్సుకు విడిగా ఫైళ్లు వస్తాయి. వాటిని నేరుగా చదవొచ్చు, లేదా వైర్‌షార్క్‌లో తెరిస్తే ప్రాణానికి హాయిగా ఉంటుంది. నేరుగా చదివితే ప్రతి లైనులో 'ఎస్' అంటే సబ్మిట్, 'సీ' అంటే పని ముగిసి వచ్చిన జవాబు. ఎస్ తర్వాత సీ రావడానికి ఎంతసేపు పట్టిందో పక్కనున్న మైక్రోసెకన్ల అంకెలో తెలుస్తుంది. టైమౌట్ ఏ ప్రశ్న దగ్గర పడుతోందో అక్కడ పట్టుబడుతుంది.

అదే పరికరాన్ని అది బాగా పనిచేసే సిస్టమ్‌లో కూడా రికార్డ్ చేయండి. విండోస్‌లో అయితే యూఎస్‌బీపీక్యాప్ ఉంది. రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టి కంట్రోల్ ప్రశ్నల వరస మాత్రమే చూడండి, ఆడియో డేటా అక్కర్లేదు. మూడు విషయాలు గమనించండి. ఇంటర్‌ఫేస్ ముందు మార్చి రేటు తర్వాత పెడుతున్నారా, లేక తలకిందులుగానా? ఒక ప్రశ్నకీ ఇంకోదానికీ మధ్య ఊపిరి తీసుకునే సమయం ఇస్తున్నారా? మనం అడిగేది వాళ్లు అసలు అడగడమే మానేశారా? నాకు ఎక్కువసార్లు జవాబు ఈ మూడోదాంట్లోనే దొరికింది. పెట్టిన రేటుని తిరిగి చదివి సరిచూసుకోవడం మన డ్రైవర్‌కి అలవాటు. పరికరం తయారు చేసినవాళ్లు ఆ ప్రశ్న వస్తుందని ఊహించలేదు, ఫర్మ్‌వేర్‌లో జవాబు రాయలేదు. లాగ్‌లో 'ఫలానా ఎండ్‌పాయింట్ దగ్గర ఫ్రీక్వెన్సీ తెలుసుకోలేకపోయాను' అనే లైను కనిపిస్తే కథ ఇదే.

6. కోడ్ ముట్టకుండానే మందు వేసి చూడండి

ఇలాంటి మొండి పరికరాల కోసం డ్రైవర్‌లో క్విర్క్ ఫ్లాగులున్నాయి, అంటే పరికరాన్ని బట్టి వేసే మినహాయింపు స్విచ్‌లు. 2021 నుంచి వాటిని మాడ్యూల్ పారామీటర్‌గా కూడా ఇవ్వొచ్చు, పేరు క్విర్క్_ఫ్లాగ్స్. మాడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక లైనుగా రాసి పెట్టుకోవచ్చు. ఒక్కో బిట్‌కి ఒక్కో పని. 0వ బిట్ పెడితే రేటు తిరిగి చదవడం మానేస్తుంది. 8వ బిట్ కంట్రోల్ సందేశాల మధ్య 20 మిల్లీసెకన్లు ఆగుతుంది. 13వది ఆటోసస్పెండ్ (ఖాళీగా ఉంటే నిద్రపుచ్చడం) ఆపుతుంది. 14వది మిక్సర్ ఎర్రర్లని చూసీచూడనట్టు వదిలేస్తుంది. 16వది ఇంటర్‌ఫేస్‌ని ముందు పెడుతుంది. 17, 18 ఇందాక చెప్పిన ఇంప్లిసిట్ ఫీడ్‌బ్యాక్ జంట.

ఒక్కసారి ఒక్క బిట్టే వేసి చూడండి. నాలుగు కలిపి వేస్తే పనిచేయొచ్చు, కానీ దేనివల్ల పనిచేసిందో మీకు తెలియదు, రేపు ప్యాచ్ చదివేవాళ్లకీ తెలియదు. 14వ బిట్ విషయంలో నాకు కొంచెం చిరాకు ఉంది. అది రోగం తగ్గించదు, దగ్గు వినపడకుండా చేస్తుంది. వేరే దారి లేదని తేలాకే వాడండి.

పరికరం నిద్రలోంచి లేవడం లేదంటే సమస్య ఆడియోది కాకపోవచ్చు. ఆటోసస్పెండ్ ఆన్‌లో ఉన్న పరికరం 2 సెకన్లు ఖాళీగా ఉంటే యూఎస్‌బీ కోర్ మామూలుగా దాన్ని నిద్రపుచ్చుతుంది. యూఎస్‌బీకోర్ ఆటోసస్పెండ్ పారామీటర్‌కి మైనస్ 1 ఇచ్చి బూట్ చేయండి. బాగైతే తప్పు ఆ వైపుంది. యూఎస్‌బీ కోర్‌కి సొంత క్విర్క్ పట్టిక ఉంది, లేచాక రీసెట్ చేయమనీ, లింక్ పవర్ పొదుపు వద్దనీ అందులో చెప్పొచ్చు. ఆ ప్యాచ్ ఆడియోవాళ్లకి కాదు, యూఎస్‌బీవాళ్లకి వెళ్లాలి.

7. ఒక బగ్గును దగ్గర్నుంచి: కదలని మైకు వాల్యూమ్

వెబ్‌క్యామ్ మైకుల్లో పేరుమోసిన కేసు ఇది. గుచ్చగానే కెర్నెల్ ఒక హెచ్చరిక ఇస్తుంది: వాల్యూమ్ రేంజ్ నమ్మలేనంత పెద్దగా ఉంది, 3072, రెజల్యూషన్ తప్పయి ఉండొచ్చు అని. దాని కిందే మూడు అంకెలు: 4608, 7680, 1. అంటే కనిష్ఠం, గరిష్ఠం, మెట్టు.

యూఎస్‌బీ ఆడియోలో వాల్యూమ్‌ని డెసిబెల్‌లో 256వ వంతుల్లో కొలుస్తారు. 4608ని 256తో భాగిస్తే 18 డెసిబెల్స్. 7680 అయితే 30. మధ్యలో ఉన్నది 12 డెసిబెల్సే. మెట్టు 1 అని పరికరం చెబుతోంది, అంటే 12 డెసిబెల్స్‌ని 3072 ముక్కలు చేస్తానంటోంది. ఏ మైకూ అంత సూక్ష్మంగా పనిచేయదు. 384 మెట్లు దాటితేనే అనుమానించమని డ్రైవర్‌లో రాసిపెట్టారు, అందుకే ఆ హెచ్చరిక.

మరి అసలు మెట్టు ఎంత? ఎమిక్సర్ కమాండ్‌తో వాల్యూమ్‌ని కొంచెం కొంచెం పెంచుతూ, ఒకే శబ్దాన్ని రికార్డ్ చేస్తూ పోండి. చాలాసేపు మార్పుండదు, తర్వాత ఒక్కసారి ఎగురుతుంది. ఎగిరిన చోట్లు రాసుకుంటే 384కి ఒకసారి అని తేలుతుంది. 384 అంటే 1.5 డెసిబెల్స్. 12ని 1.5తో భాగిస్తే 8 మెట్లు. మైకులోని చిప్పుకి ఉన్నవి ఆ ఎనిమిదే.

సరిచేయడం చిన్న పని. ఈ మైకుల కోసం మెట్టుని 384గా పెట్టే ఫ్లాగు ఇప్పుడు డ్రైవర్‌లో ఉంది, 16గా పెట్టేది కూడా ఉంది. సౌండ్/యూఎస్‌బీ ఫోల్డర్‌లో క్విర్క్స్ డాట్ సి ఫైలు తెరిచి, చివర్లో ఉన్న ఫ్లాగుల పట్టికలో మీ పరికరం వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, ఈ ఫ్లాగు కలిపి ఒక లైను చేర్చాలి. పట్టిక ఐడీల వరసలో ఉంటుంది. చివర్న అతికించకండి, దాని చోటు చూసి పెట్టండి.

పట్టికలో మీ పరికరాన్ని చేర్చే ముందు ఒక్క నిమిషం ఆగండి. అదే వెండర్ పరికరాలు పది ఇప్పటికే అదే ఫ్లాగుతో అక్కడ కనిపిస్తే, పదకొండోది చేర్చడం కంటే వెండర్ మొత్తానికి ఒకే లైను రాయడం మేలేమో ఆలోచించండి. అలా రాసినవి పట్టికలో ఉన్నాయి. ఇక మీ సమస్య వేర్వేరు కంపెనీల పరికరాల్లో కూడా కనిపిస్తోందంటే అది క్విర్క్ కాదు, మామూలు కోడ్‌లోనే లోపం.

8. పరికరాన్ని నమ్మకండి

డిస్క్రిప్టర్లు చదివే కోడ్‌లో చేయి పెడితే ఈ మాట గోడ మీద రాసుకోండి. పరికరం పంపే ప్రతి పొడవునీ, ప్రతి లెక్కనీ సరిచూశాకే వాడాలి. 2019లో 5.4 కెర్నెల్‌కి వాలిడేట్ డాట్ సి అనే ఫైలు వచ్చింది ఇందుకే.

అయినా సందులు మిగిలాయి. ఎక్స్‌టిజీ, ఎంబాక్స్ అనే పాత పరికరాలకు మొదట ఒక ఆదేశం పంపి, అవి లేచాక డిస్క్రిప్టర్‌ని మళ్లీ చదివే కోడ్ ఉండేది. మొదటిసారి చదివినప్పుడు ఎన్ని కాన్ఫిగరేషన్లు ఉన్నాయో అంతకే మెమరీ కేటాయిస్తారు. రెండోసారి పరికరం అంతకంటే పెద్ద అంకె చెబితే? కెర్నెల్ నమ్మి, తనది కాని మెమరీలోకి వెళ్లేది. ఆ పేరుతో నటించే దొంగ పరికరం ఒకటి చాలు. 2024లో సరిచేసిన ఈ లోపానికి భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2024-53197 అని నంబరు. సరిచేసిన తీరు మాత్రం ఎంతో సాదా: కొత్త అంకె పాతదానికంటే పెద్దదైతే దాన్ని తీసుకోకు.

వాడుతుండగా పీకేయడం ఇంకో గండం. పాట మోగుతుండగా, మిక్సర్ తెరిచి ఉండగా, సస్పెండ్ అవుతుండగా పీకి చూడాలి. సాకెట్ అరిగిపోకుండా ఉండాలంటే సిస్‌ఎఫ్ఎస్‌లో ఆ పరికరం ఫోల్డర్‌లోని 'ఆథరైజ్డ్' ఫైల్లో 0, 1 మార్చి మార్చి రాయండి, లూపులో వంద సార్లు. కెర్నెల్‌ని కేసాన్, లాక్‌డెప్ ఆన్ చేసి కట్టుకుంటే, విడుదల చేసిన మెమరీని ముట్టుకున్న చోటు, తాళాలు తలకిందులైన చోటు స్టాక్ ట్రేస్‌తో సహా చూపిస్తాయి. నెమ్మదిస్తుంది, భరించాలి.

9. మదర్‌బోర్డు సౌండ్ అయితే

యూఎస్‌బీ కాకుండా ల్యాప్‌టాప్ లోపలి సౌండ్ అయితే దారి వేరు. అక్కడ హెచ్‌డీ ఆడియో కోడెక్ (డిజిటల్ డేటాని శబ్దంగా మార్చే చిప్పు) ఉంటుంది, బయోస్ చెప్పే పిన్ వివరాలే వేదం. కార్డు ఫోల్డర్‌లోని కోడెక్ ఫైల్లో ఒక పిన్ పక్కన 411111 అని మొదలయ్యే విలువ ఉంటే 'ఇక్కడ ఏమీ కలపలేదు' అని బయోస్ అంటోంది. స్పీకర్ అక్కడే కలిపి ఉండొచ్చు! హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే టూల్‌తో పిన్ అర్థం మార్చి చూసి, పనిచేసిన విలువల్ని ఫిక్సప్‌గా, అంటే ఆ మోడల్ కోసం డ్రైవర్‌లో పెట్టే దిద్దుబాటుగా రాయాలి. 6.17లో ఈ కోడెక్ ఫైళ్లు సౌండ్/పీసీఐ నుంచి సౌండ్/హెచ్‌డీఏ కిందికి మారాయి, పాత ప్యాచ్‌లు నేరుగా అతకవు.

10. కట్టి, పరీక్షించి, పంపడం

మొత్తం కెర్నెల్ అక్కర్లేదు. మేక్‌కి 'ఎం' విలువగా సౌండ్/యూఎస్‌బీ ఇస్తే ఆ ఫోల్డర్ మాడ్యూళ్లు మాత్రమే కడుతుంది. నడుస్తున్న కెర్నెల్ సోర్సూ, కాన్ఫిగూ అవే అయి ఉండాలి, లేకపోతే లోడ్ కాదు. సెక్యూర్ బూట్ ఉంటే మాడ్యూల్‌కి సంతకం కావాలి. పాత మాడ్యూల్ తీయబోతే 'వాడుకలో ఉంది' అంటుంది, మళ్లీ సౌండ్ సర్వర్ పనే, దాన్ని ఆపండి.

తర్వాత ప్లేబ్యాక్ ఒక్కటే, రికార్డింగ్ ఒక్కటే, రెండూ కలిపి, పరికరం చెప్పుకునే ప్రతి రేటులో, సస్పెండ్ నుంచి లేచాక, పీకి గుచ్చాక చూడండి. 'రెండూ కలిపి' దగ్గర చాలా ప్యాచ్‌లు బోర్లా పడతాయి, ఎందుకంటే రెండు వైపులా ఒకే గడియారం, రేటు మారితే రెండోది తెగుతుంది.

కమిట్ సందేశం మీద కోడ్ కంటే ఎక్కువ సమయం పెట్టండి. శీర్షిక 'ఆల్సా: యూఎస్‌బీ-ఆడియో:' అని మొదలవ్వాలి. వాడేవాళ్లకి ఏం కనిపించింది, లాగ్‌లో ఏ లైను వచ్చింది, ఎందుకు, ఈ ఫ్లాగు ఎందుకు చాలుతుంది, ఇవి నాలుగు ముక్కల్లో. పాత కమిట్ వల్ల వచ్చిన బగ్గయితే 'ఫిక్సెస్' ట్యాగులో దాని గుర్తు మొదటి 12 అక్షరాలు, శీర్షిక. పాత కెర్నెల్స్‌కీ వెళ్లాలంటే స్టేబుల్ చిరునామాకి కాపీ. కొత్త పరికరాల ఐడీలు, క్విర్కులు స్టేబుల్‌లోకి తీసుకుంటారు, కాకపోతే ప్యాచ్ చుట్టుపక్కల లైన్లతో కలిపి 100 లైన్లు దాటకూడదు. చివర మిమ్మల్ని గుర్తుపట్టే పేరుతో (అనామకంగా కాదు) 'సైన్డ్ ఆఫ్ బై'.

చెక్‌ప్యాచ్ స్క్రిప్టు నడిపి అది తిట్టినవన్నీ సరిచేయండి. గెట్ మెయింటెయినర్ స్క్రిప్టు ఎవరికి పంపాలో చెబుతుంది. సౌండ్ భాగానికి చాలా ఏళ్లుగా తకాషి ఇవాయ్, యూఎస్‌బీకి గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మెయింటెయినర్లు. గిట్ సెండ్-ఈమెయిల్‌తో సాదా టెక్స్టుగా పంపండి. మామూలు మెయిల్ ప్రోగ్రామ్‌లో అతికిస్తే ట్యాబులు స్పేసులైపోయి ప్యాచ్ పనికిరాకుండా పోతుంది. తిరిగి ప్రశ్న వస్తే టెన్షన్ పడకండి, 'ఈ ఫ్లాగు లేకుండా లాగ్ చూపించు' అనేదే ఎక్కువగా వచ్చే ప్రశ్న. ఐదో మెట్టులో దాచుకున్న రికార్డింగులు అప్పుడు పనికొస్తాయి. మార్చి పంపేటప్పుడు వీ2 అని రాసి, ఏం మారిందో మూడు గీతల కింద చెప్పండి.

ప్యాచ్ చేరి, మీ డిస్ట్రో కెర్నెల్‌కి వచ్చిన రోజున ఇంకో పని మిగిలి ఉంటుంది. ఆరో మెట్టులో పరీక్ష కోసం మాడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో పెట్టుకున్న క్విర్క్_ఫ్లాగ్స్ లైను తీసేయండి. అది అక్కడే ఉంటే మీ ప్యాచ్ పనిచేస్తోందో, ఆ లైను పనిచేస్తోందో మీకే తెలియదు.